ఎడమ చెయ్యి తీపులు

“రోజుకెన్నిసార్లు విరేచనం అవుతుందండీ?” అని వీరవేణి మొగుణ్ణి అడిగింది.

“ఒక్కసారేనండి డాక్టరమ్మగోరూ. పొద్దున్నే, టీ తాగాకండి,” అన్నాడు నూకరాజు, తెర మీద ఆసుపత్రి మంచం అంచున కూర్చుని లుంగీ సర్దుకుంటూ.

ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. టీ గ్లాసు ఎక్కడ పెట్టి, తువ్వాలు ఏ భుజాన వేసుకుని, ఎటు వెళ్తాడో కళ్ళు మూసుకుని చెప్పగలదు. కానీ అడగాలి. రోగానికి సంబంధించింది ఏదో ఒకటి అడుగుతూ ఉండకపోతే తెరను నడిపే ‘పడక’ ఊరుకోదు. “అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేస్తామంటున్నారు, ఏం చెయ్యమంటారు?” అని అడిగితే తెర అంచున ఎర్రగీత వెలుగుతుంది. ‘ఈ ప్రశ్న కేసుకు సంబంధించినది కాదు’ అంటుంది. మళ్ళీ అడిగితే ఇంకో గీత. ఆ మీదటది పడిందంటే నూకరాజు మాట మధ్యలోనే మాయమై, ‘మీ సాధన ముగిసింది, ధన్యవాదాలు’ అని పచ్చటి అక్షరాలు వస్తాయి. ఆ ధన్యవాదాలు చూస్తే వీరవేణికి ఒళ్ళు మండిపోయేది.

అందుకని దొంగదారులు వెతుక్కుంది. “ఆకలెలా ఉంది?” అంటే అది కేసు కిందే లెక్క. ఇక ఆయన మొదలుపెడతాడు.

“ఆకలుంది గానండి, మా ఇంటిది ఉప్పు మానిపించేసిందండి. పండుగప్ప పులుసులో ఉప్పు లేకపోతే ఏముంటదండి, వేన్నీళ్ళలో చేపని ముంచి తీసినట్టుంటది.”

తన మీద చాడీలు తనకే చెప్తుంటే వినడానికి వీరవేణి రోజూ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, టాబ్లెట్‌ను బియ్యం డబ్బాకు ఆనించి కూర్చునేది. లోపలికి వచ్చిన ప్రతి గొంతూ ఆయనకు డాక్టరు గొంతే. ఆమెను గుర్తుపట్టడు. దానికి ఆమె అలవాటు పడిపోయింది, పడక తప్పలేదు.

నూకరాజు పోయి ఏడాది దాటింది. కాకినాడ రేవులో పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. గుండె బలహీనపడిందని తేలాక సముద్రం రోడ్డు మీది వైద్య కళాశాలలో చూపించుకున్నారు. అక్కడ కుముదిని అనే డాక్టరు ఒక పల్చటి బనీను చేతికిచ్చింది. వెంట్రుకల్లాంటి తీగలతో నేసిన బనీను. నాడి, ఊపిరి, ఒంటి వేడి, గుండె చప్పుడు, నోటివెంట వచ్చే ప్రతి మాటా అది పట్టుకుంటుంది. నెలల తరబడి పోగుచేసిందంతా కలిపి, తర్వాత మనిషిని తెర మీద తిరిగి అల్లుతారు; అలా అల్లినదాన్నే పడక అంటారు. మంచి ఆసుపత్రి గడప తొక్కే వీలులేని విద్యార్థులూ, మన్యం ఊళ్ళలో ఒంటరిగా పనిచేసే నర్సులూ ఫోనులో పడక తెరిచి, ఆ మనిషిని ప్రశ్నలడిగి, గుండె చప్పుడు విని, రోగం కనిపెట్టడం నేర్చుకుంటారు. తప్పు చెప్తే తెర మీద మనిషి చనిపోతాడు. మళ్ళీ తెరిస్తే మళ్ళీ లేచి కూర్చుంటాడు.

“పాడైన ఇంజను మీదే కదమ్మా పని నేర్చుకునేది. నాది విప్పి చూసుకోనియ్యండి పిల్లల్ని,” అంటూ నూకరాజు ఒప్పుకుని సంతకం పెట్టేశాడు. వీరవేణిని పక్కన సాక్షి సంతకం పెట్టమన్నారు తప్ప నీకిష్టమేనా అని ఎవరూ అడగలేదు.

“చేతుల్లో ఏమైనా తేడాగా ఉందా అండీ?” అని అడిగింది ఇప్పుడామె. అడగవలసినవి అయిపోతున్నాయి. గుండె సంగతి తేల్చకపోతే కాసేపట్లో ఆయనకు చెమటలు పడతాయి.

“ఎడం చెయ్యి తీపులండి. పొద్దుటేల నించీ. అంతకుమించేం లేదండి.”

అప్పుడే వీధి తలుపు భళ్ళున తెరుచుకుని తనూజ వచ్చింది. వీరవేణి అక్కకూతురు. హైదరాబాదులో పుట్టి పెరిగి, చదువుకి ఇక్కడికొచ్చి, ఆ కళాశాలలోనే హౌస్ సర్జన్‌గా చేస్తోంది. పడకలోకి వీరవేణి వెళ్ళేది ఈ పిల్ల పేరు మీదే. తెల్లకోటు చేతి మీద వేలాడుతోంది. చెప్పులతోనే వంటింట్లోకి వచ్చేసింది.

“పిన్నీ, తీపులంటే ఏంటి?”

“ముందు చెప్పులిప్పు.”

“తీపులంటే ఏంటి పిన్నీ?”

“తీపులంటే తీపులే. లాగుతుంది, పీకుతుంది. నొప్పి కాదు, నొప్పికి చెల్లెలు. జొరమొచ్చే ముందు ఒళ్ళు తీపులు పెట్టదూ?”

తనూజ ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయింది. “మేం తియ్యగా ఉండటం అనుకున్నాం,” అంది.

“చెయ్యి తియ్యగా ఉండటమేంటే. చెయ్యేమన్నా చెరుకుగడా?”

“కింద ఇంగ్లీషులో అలాగే వస్తుంది పిన్నీ. ఎడమ చేతిలో తీపి అని. బాబాయి తెలుగులో చెప్పేది వినిపిస్తుంది గానీ మాలో ఆ మాట తెలిసినవాళ్ళెవరు? అక్షరాలు చూసుకుంటాం. తీపంటే షుగరు గురించి చెప్తున్నాడు, షుగరుతో చేతి నరాలు పోయాయి అని సగం మందిమి రాశాం. గుండెపోటని జవాబొచ్చేసరికి, ఈ కేసు మాత్రం కావాలని తికమక పెట్టారు, మామూలుగా అయితే షుగరే అని బట్టీపట్టాం.”

వీరవేణికి నవ్వొచ్చింది. తనూజ ముఖం చూసి నవ్వు ఆపుకుంది.

“ఇవాళ క్యాజువాల్టీకి ఉప్పాడ నుంచి ఒకావిడ వచ్చింది. చేపలమ్ముకునే ఆవిడ. ఎడం చెయ్యి తీపులమ్మా అంది. నాకు తెలిసిన మాటే కదా అని సంబరపడ్డాను పిన్నీ. షుగరు పరీక్షకి రాసి బెంచీ మీద కూర్చోమన్నాను.”

“తర్వాత?” అంది వీరవేణి.

“కూర్చున్నదల్లా ముందుకు పడిపోయింది. ప్రాణం దక్కింది. గుండెలో సగం కండ చచ్చిపోయిందన్నారు.”

తెర మీద నూకరాజు చెమట తుడుచుకుంటున్నాడు. డాక్టరమ్మగోరూ అని ఒకసారి పిలిచాడు. ఇద్దరూ అటు తిరిగేలోపు పక్కకి ఒరిగిపోయాడు. పచ్చటి అక్షరాలు ధన్యవాదాలు చెప్పాయి.

*

ఒక మాట దిద్దడం ఎంతసేపు పని అనుకుంది వీరవేణి. ‘లోపం తెలియజేయండి’ అన్నచోట తనూజ చేత రాయించింది. ఏ రకం లోపమని అడిగింది పడక. శబ్దం రావడం లేదా, బొమ్మ ఆగిపోతోందా, మందు మోతాదు తప్పా అంది. మాట తప్పు అన్నది అందులో లేదు. పోనీ మోతాదు అని నొక్కారు. ఈ కేసులో మోతాదులన్నీ సక్రమంగానే ఉన్నాయని జవాబొచ్చింది. మళ్ళీ రాస్తే, మీరు వైద్యులా, విద్యార్థులా, నర్సులా అని అడిగింది. పెళ్ళాన్ని అని చెప్పుకునే చోటు లేదు. నర్సు అన్నారు. ‘మీ అభిప్రాయం మాకెంతో విలువైనది’ అని వచ్చింది. కొన్నాళ్ళు పోయాక అదే మళ్ళీ వచ్చింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు అన్న ప్రశ్నతో కలిపి.

“ఎవరైనా మనిషితో మాట్లాడాలంటే ఎలాగే?” అని అడిగింది వీరవేణి.

“అందులో మనుషులుండరు పిన్నీ.”

“రోగులు తప్ప ఎవరూ లేరా?”

ఈలోగా దేశంలో ఏ మూల ఏ పిల్ల పడక తెరిచి, ఎడమ చెయ్యి తియ్యగా ఉందని నేర్చుకుంటోందో అనుకుంటే ఆమెకు అన్నం దిగేది కాదు. పొయ్యి ఆర్పానా లేదా అని మూడిళ్ళ అవతలి నుంచి తిరిగొచ్చి చూసుకునే మనిషి. ఇన్ని పొయ్యిలు ఎక్కడెక్కడో వెలుగుతున్నట్టు అనిపించింది. చివరికి ఆటో ఎక్కి కళాశాలకు పోయి, కుముదిని గదిముందు ఉదయమంతా కూర్చుంది.

కుముదినికి వివరించనక్కర్లేకపోయింది. తీపులు అనగానే ఆవిడ కళ్ళజోడు తీసేసింది.

“మా అమ్మమ్మ అనేది ఆ మాట. నేనే విన్లేదండీ. గుండె చప్పుడు స్పష్టంగా వస్తోందా, బొమ్మ కదలకుండా ఉందా, అవే చూసుకున్నాను.”

“అయితే దిద్దేయండి మరి.”

“రండి, చూపిస్తాను.”

పెద్ద తెర మీద నూకరాజు కనిపించాడు. కుముదిని తెర అడుగున ఇంగ్లీషు మాట చెరిపి వేరే మాట పెట్టి నడిపించింది. ఎడం చెయ్యి అనేదాకా బాగానే అన్నాడు. ఆ తర్వాత నోరు తెరుచుకునే ఉండిపోయింది. దగ్గవలసిన చోట నవ్వాడు. పక్కన గీసుకుంటూ పోతున్న గుండె గీత ఒక్కసారి పైకి లేచి, తిన్నగా సాగిపోయింది. వీరవేణి చెయ్యి దానంతటదే తెర మీదికి వెళ్ళింది. కుముదిని గబుక్కున పాత మాట పెట్టేసింది.

“ఆయన మాటా, దానికి మేమిచ్చిన అర్థమూ, ఆ క్షణంలో గుండె కొట్టుకున్న తీరూ ఒకే ముడిలో పడిపోయాయండీ. ఒకటి లాగితే మిగతావి ఊడుతున్నాయి.”

“అయితే ఏం చేస్తారు?”

“ఈ పడక తీసేయాలి. అదే జబ్బు, కొత్త మనిషి. నటుడి చేత చదివిస్తాం. ఎడమ చేతిలో నొప్పిగా ఉంది అంటాడు.”

“ఈయన్ని తీసేస్తారన్నమాట.”

“జబ్బు ఉంటుందండీ. పాఠం పోదు.”

“జబ్బుని నేనేం చేసుకోనమ్మా,” అంది వీరవేణి.

కుముదిని తెర ఆపేసింది. “సాక్షి సంతకం మీది. మీరొప్పుకుంటే గానీ తియ్యలేను. కానీ ఇంకో బెంచీ మీద ఇంకెవరైనా...” అని ఆపేసింది. “వచ్చే నెల కొత్త పిల్లలు చేరతారు. ఆలోపు చెప్పండి.”

*

నూకరాజు చేతే ఆ మాట మార్పించాలని చూసింది వీరవేణి. బతికుండగా ఆయన చేత ఏదీ మార్పించలేకపోయిందన్న సంగతి గుర్తుంది. అయినా చూసింది.

“చేతిలో నొప్పి కదండీ?”

“నొప్పి కాదండి డాక్టరమ్మగోరూ. తీపులండి.”

“రెండూ ఒకటేనండి. నొప్పి అనండి.”

“ఒకటెందుకవుద్దండి? నొప్పంటే దెబ్బ తగిల్తే వచ్చేదండి. నాకేం దెబ్బ తగల్లేదు కదండి.”

ఎర్రగీత వెలిగింది. ‘రోగికి సమాధానం అందించరాదు’ అంది పడక.

“లాగుతుందని చెప్పొచ్చు కదండీ పోనీ.”

“దేన్ని లాగుద్దండి?”

“మీ మొండితనం తగలెయ్య,” అంది వీరవేణి. ఇంకో గీత.

నూకరాజు మొహం చిట్లించాడు. ఇన్నాళ్ళుగా ఎవరూ ఆయన మాటకు అడ్డం చెప్పలేదు. అందుకేనేమో, ఎన్నడూ అననిది అన్నాడు. “మీకర్థం కాకపోతే బయట మా ఇంటిదుందండి. దాన్నడగండి, ఇడమరిచి చెప్పుద్ది.”

వీరవేణి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. అలా కూర్చుండగానే పడక మూసుకుపోయింది.

నిజమే, ఆయన పోయిన రోజు ఆమె బయటే ఉంది. మామూలుగా ఏ ఆసుపత్రిలోనైనా రోగి నోరు తెరిచేలోపు పక్కనున్నవాళ్ళే చెప్పేస్తారు. ఎప్పుడు తిన్నాడు, ఏం దాచిపెడుతున్నాడు, డాక్టరు దగ్గర ఏది చెప్పడానికి సిగ్గుపడుతున్నాడు, అన్నీ పెళ్ళామో కూతురో అక్కో చెప్పాలి. డాక్టర్లు కూడా రోగిని వదిలేసి వాళ్ళనే అడుగుతారు. కానీ ఆ మధ్యాహ్నం ఆయనకు బాగోలేదని తీసుకెళ్తే, బనీనులో రెండో గొంతు పడకూడదన్నారు. పడక శుభ్రంగా రావాలట. ఆమెను నడవాలోకి పంపి తలుపేశారు. లోపల ఆయన తీపులండి అంటున్నాడు, అంతకుమించేం లేదంటున్నాడు. అవునవును, ఏం లేదనే అంటాడు, మీరు నమ్మకండి అని చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు. తలుపు మళ్ళీ తెరిచేసరికి చెప్పడానికీ, చెప్పించుకోవడానికీ ఏమీ మిగల్లేదు.

మర్నాడే మళ్ళీ ఆటో ఎక్కింది.

“ఆయన్ని తియ్యొద్దు, మాటా మార్చొద్దు. నన్ను పక్కన కూర్చోబెట్టండి,” అంది కుముదినితో.

“అంటే?”

“రోగి వెంట ఎవరో ఒకరుంటారు కదమ్మా ఎప్పుడూ. మీరే నన్ను బయటికి తోశారు. నన్ను లోపల పెట్టండి. తీపులని ఆయనంటే, తీపులంటే ఏంటో నేను చెప్తాను.”

కుముదిని పెన్ను మూత తీసింది, పెట్టింది. “చెయ్యొచ్చు,” అంది నెమ్మదిగా. “మీరు కొత్త మనిషి కాబట్టి మీ మాటలకి అర్థాలు ముందే సరిచూసుకోవచ్చు. బనీను వేసుకుని ఆ రోజునంతా మళ్ళీ చెప్పాలి. భయం కూడా మళ్ళీ పడాలి. లేకపోతే అల్లిక నిలవదు.”

“భయానికేం లోటు లేదు నాకు.”

“ఇంకోటుందండీ. లోపల ఉన్న గొంతు బయట నుంచి రాకూడదు. ఒకే మనిషి రెండు చోట్ల నుంచి మాట్లాడితే పడక తట్టుకోలేదు. ఆ తర్వాత మీరు తనూజ పేరు మీద లోపలికి వెళ్ళలేరు. ఇంకొకరు తెరిస్తే పక్కన కూర్చుని చూద్దామన్నా, మీ ఊపిరి వినపడితే చాలు మూసుకుపోతుంది.”

వీరవేణి తలెత్తి చూసింది. తను వెళ్తున్న సంగతి ఈవిడకు తెలుసన్నమాట.

“లోపల నేనుంటాను, బయట నాకు ఆయన కనపడడు,” అంది.

“అవునండీ.”

“ఒక్క పని కూడా తిన్నగా చేసి చావరు మీరు,” అంది వీరవేణి. కాసేపాగి, “ఎప్పుడు రమ్మంటారు?” అని అడిగింది.

*

బనీను వేసుకోబోయే ముందురోజు మధ్యాహ్నం ఆఖరిసారి పడక తెరిచింది. ఏం అడగాలో పొద్దుటి నుంచీ అనుకుంది. తీరా ఆయన ఎదురుగా కూర్చునేసరికి నిద్ర ఎలా పడుతోందనీ, కాళ్ళు వాస్తున్నాయా అనీ అడిగింది. చివర్లో డాక్టర్లంతా అడిగేదొకటుంది. కేసులో దానికి చోటుంది.

“ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా అండీ?”

నూకరాజు ఆలోచించాడు. “ఏం లేదండి. కొంచెం గాలాడట్లేదు, ఆ కిటికీ తీయిస్తారేంటండి?”

తెర మీది గదిలో కిటికీ లేదు. అక్కడేముందని తియ్యను అనుకుంటూనే ఆమె లేచి, వంటింటి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది. తిరిగొచ్చేసరికి ధన్యవాదాలు చెప్పి ఉంది పడక.

బనీను ఆమెకు వదులైంది. తీగలు చల్లగా తగిలాయి. కుముదిని ఎదురుగా కూర్చుని, డాక్టరు అడిగినట్టే అడిగింది. ఎప్పటి నుంచి, ఎక్కడ మొదలైంది, ఇంతకుముందెప్పుడైనా వచ్చిందా. మొదట్లో వీరవేణి బడిపిల్లలా ముక్తసరిగా చెప్పింది. యంత్రం మీద గుండె గీతలు నిలవడం లేదన్నారు. మళ్ళీ మొదలుపెట్టారు. ఇలా ఎన్నోసారో, విసిగిపోయి గొంతు లేచింది ఆమెకు.

“పొద్దున్నించీ టిఫిను ముట్టలేదమ్మా ఆయన. ఎడంచెయ్యి పట్టుకు కూర్చున్నాడు. తీపులంటాడు. తీపులంటే లాగేస్తుందని, గుండెల్లోంచి చేతిలోకి లాగుతుందని. మీకు చెప్పడు. నాకూ చెప్పడు, నేను మొహం చూసి కనిపెట్టుకోవాలి. మీరు ఆయన్నడక్కండి, నన్నడగండి. నన్ను బయటికి పంపకండి.”

గీతలు నిలిచాయి. కుముదిని తరవాతి ప్రశ్న కాగితం మీద ఉన్నా అడగలేదు. యంత్రం దానంతటది ఇంకా వింటూనే ఉంది.

కొత్త పిల్లలు చేరిన రోజున వీరవేణి ఆగలేక టాబ్లెట్ తెరిచి, నమస్కారమండీ అంది. ‘ఈ గొంతు ఇప్పటికే లోపల ఉంది’ అని వచ్చింది. ఇంకోసారి, గొంతు మార్చి, ముక్కు నొక్కుకుని అంది. అదే వచ్చింది. తెర మీదికి ఆయన మాత్రం రాలేదు.

సాయంత్రం తనూజ వచ్చింది. ఈసారి చెప్పులు గుమ్మంలోనే విప్పింది. ఉప్పాడ ఆవిడను ఇంటికి పంపారని, ఇక మెట్లెక్కలేదని, గంప మొయ్యలేదని ముందు అది చెప్పింది. ఆ మాట అనేటప్పుడు గోడవైపు చూసింది. తర్వాత పడక సంగతి చెప్పింది. కొత్తవాళ్ళు ముప్ఫై మంది దాకా తెరిచారట. ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ గుండె అనే రాశారట.

“నువ్వు చూశావా?”

“చూశాను పిన్నీ. ఆయన తీపులండి అనగానే నువ్వు అందుకున్నావు. అవతలివాళ్ళని మాట్లాడనివ్వలేదు.”

“ఆయనేం చేశాడు?”

“‘ఏం లేదండి, ఇది అన్నిటికీ కంగారుపడుద్ది’ అన్నాడు. నువ్వు ఒప్పుకోలేదు. ఇద్దరూ దెబ్బలాడుకున్నారు. అడిగే పిల్లాడు కలం పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.”

“ఏమని దెబ్బలాడాం?”

“నువ్వేదో అన్నావు, ఆయన నీవైపు తిరిగాడు. ‘నువ్వూరుకోవే’ అన్నాడు.”

వీరవేణి పమిట చెంగు వేలికి చుట్టుకుంది. ఇన్నాళ్ళూ రోజూ డాక్టరమ్మగోరూ అని పిలిపించుకున్న మనిషి.

“ఏదీ, ఎలా అన్నాడో అను,” అంది.

తనూజ ఇబ్బందిగా నవ్వి, గొంతు బొంగురు చేసుకుంది. “నువ్వూరుకోవే.”

“అలా కాదే. ఇంకొంచెం విసుగ్గా.”

తనూజ మళ్ళీ అంది.